గీత దాటితే ఎవరి మనిషి?

(గుంటూరులో ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన చరిత్ర సభలో, పదవీ విరమణ చేసిన ఒక చరిత్ర అధ్యాపకుడి ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి, నేనేమీ ప్రశ్నలు అడగను. (నవ్వులు)

అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం గురించి మాకు బడిలో రెండు ముక్కలు చెప్పారు. అధ్యక్షుడు లింకన్ బానిసలను విడిపించాడు, అందుకని యుద్ధం వచ్చింది. ఈ రెండూ పూర్తిగా తప్పని నేననను. కానీ వరస తిరగబడింది. 1861 మార్చి 4న ప్రమాణ స్వీకారం చేస్తూ లింకన్ స్వయంగా అన్నాడు, బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి వెళ్ళే ఉద్దేశం నాకు లేదని. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికన్ కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, ఒక రాజ్యాంగ సవరణను కూడా ఆమోదించింది, రాష్ట్రాల్లోని బానిసత్వాన్ని కేంద్రం ఏనాటికీ ముట్టుకోకూడదని. ఇంత చెప్పినా యుద్ధం ఆగలేదు. ఎందుకు ఆగలేదో చెప్పాలంటే నాయకుల కంటే ముందు, పారిపోయిన వాళ్ళ గురించి మాట్లాడాలి.

1854లో బోస్టన్‌లో ఆంథనీ బర్న్స్ అనే కుర్రాడు ఒక బట్టల కొట్లో పని చేస్తున్నాడు. ఇరవయ్యేళ్ళవాడు. వర్జీనియాలో బానిస. ఆ ఏడాది మొదట్లోనే రిచ్‌మండ్‌లో ఓడెక్కి బోస్టన్ వచ్చేశాడు. క్షేమంగా ఉన్నానని వాళ్ళన్నకు ఉత్తరం రాశాడు. ఆ అన్న కూడా బానిసే కదా, ఉత్తరం యజమాని చేతిలో పడింది. మే 24న, నగల దుకాణంలో దొంగతనం చేశావని చెప్పి బర్న్స్‌ను పట్టుకున్నారు. దొంగతనం ఉత్త సాకు. కోర్టు భవనంలోకి తీసుకెళ్ళేసరికి ఎదురుగా యజమాని నిలబడి ఉన్నాడు.

ఊరు భగ్గుమంది. జనం తలుపులు బద్దలు కొట్టబోయారు, ఆ గొడవలో ఒక కాపలాదారుడు చనిపోయాడు. చివరికి జూన్ 2న, ఇతను యజమానికి చెందినవాడేనని తీర్పొచ్చింది. కోర్టు నుంచి రేవు దాకా నడిపించడానికి ఒక్క మనిషికి ఎంత బందోబస్తు పెట్టారో తెలుసా? సైనికులు, మెరైన్లు, పోలీసులు, పైగా గుండ్లు నింపిన ఫిరంగి ఒకటి. వీధుల్లో యాభై వేల మంది. దుకాణాలకు నల్లగుడ్డలు కట్టారు. వీధికి అడ్డంగా శవపేటిక వేలాడదీసి దాని మీద ‘స్వేచ్ఛ’ అని రాశారు. అప్పటిదాకా బానిసత్వం సంగతి మనకెందుకు, పత్తి చవగ్గా వస్తోంది కదా అనుకున్న పెద్దమనుషులు, మిల్లుల యజమానులు, ఆ ఊరేగింపు చూసి ఇంటికెళ్ళి మరో మనుషులయ్యారు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఒక పరారీ కుర్రాడి కోసం దేశం ఫిరంగి దాకా ఎలా వచ్చింది?

1787లో రాజ్యాంగం రాసుకున్నప్పుడు అందులో ‘బానిస’ అనే మాటే లేదు. సిగ్గుపడ్డారేమో. కానీ విషయం మాత్రం మూడు చోట్ల ఉంది. ఇరవై ఏళ్ళ దాకా, అంటే 1808 వరకు, బయటి నుంచి బానిసలను తేవడాన్ని కాంగ్రెస్ నిషేధించకూడదు. పారిపోయినవాణ్ణి ఏ రాష్ట్రంలో దొరికినా అప్పగించాలి. మూడోది సీట్ల లెక్క. దిగువ సభలో సీట్లు జనాభాను బట్టి వస్తాయి కాబట్టి ఐదుగురు బానిసలను ముగ్గురు మనుషులుగా లెక్కపెట్టారు. ఓటు లేదు, పేరు లేదు, జీతం లేదు. యజమానులకు సీట్లు పెంచడానికి మాత్రం వీళ్ళు మనుషులు. డీలిమిటేషన్ గురించి రోజూ టీవీలో వింటున్నాం, జనాభా లెక్కకూ అధికారానికీ ఉన్న లింకు మనకు వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు చాలామంది పెద్దలు ఇది మెల్లగా దానంతటదే పోతుందనుకున్నారు. పొగాకు వేసి వేసి వర్జీనియా నేలలు పాడయ్యాయి, బానిసల మీద లాభం తగ్గుతోంది. ఆ మాట నిజమయ్యేదే, పత్తి లేకపోతే.

గుంటూరులో కూర్చుని పత్తి గురించి మీకు చెప్పడం తాతకు దగ్గు నేర్పినట్టే. (నవ్వులు) గింజ నుంచి దూది తీయడం ఎంత చాకిరీయో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు తెలుసు. అమెరికా లోపలి నేలల్లో పండే పొట్టిపింజ పత్తికి గింజ గట్టిగా అంటుకుని ఉంటుంది. చేత్తో తీస్తే మనిషి రోజంతా కూర్చున్నా ఒక పౌను దూది. 1793లో ఎలై విట్నీ చిన్న జిన్ను యంత్రం చేశాడు, దాంతో రోజుకు యాభై పౌన్లు. యంత్రం వస్తే పని తగ్గాలి కదా? జిన్నింగ్ పని తగ్గింది. దాంతో ఎంత పండిస్తే అంత అమ్ముడవుతుందని తేలింది. దున్నడం, కలుపు, ఏరడం అంతా చేతిపనే. అలబామా, మిసిసిపీ, లూసియానా దాకా అడవులు కొట్టి పత్తి వేశారు. 1790లో ఏడు లక్షలున్న బానిసలు 1860కి దాదాపు 40 లక్షలయ్యారు. అప్పటికి దేశపు ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తే.

ఈ మనుషులు పత్తి పొలాలకు ఎక్కడి నుంచి వచ్చారు? 1808 తర్వాత ఆఫ్రికా నుంచి తేవడం చట్టవిరుద్ధం. పాత రాష్ట్రాలైన వర్జీనియా, మేరీలాండ్ నుంచి అమ్మారు. సుమారు పది లక్షల మందిని అలా దక్షిణానికి తరలించారు, చాలామందిని సంకెళ్ళు వేసి వందల మైళ్ళు నడిపించి. తల్లి ఒక చోట, పిల్ల ఒక చోట. 1860 నాటికి పొలం పని చేయగల యువకుడి ధర న్యూ ఆర్లీన్స్ సంతలో 1,500 డాలర్లు దాటింది. ఆ 40 లక్షల మందికి కట్టిన ఖరీదు, దేశంలోని రైలు మార్గాలు, ఫ్యాక్టరీలలో పెట్టిన మొత్తం పెట్టుబడి కంటే ఎక్కువ. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే మిగతా కథ అర్థమవుతుంది. మనుషుల మీద అంత డబ్బు పెట్టినవాడు, వాళ్ళు మనుషులని ఒప్పుకోవాలంటే దివాలా తీయాలి.

అందుకే ప్రతి కొత్త రాష్ట్రం దగ్గరా తగాదా. 1819లో బానిస రాష్ట్రాలు 11, బానిసత్వం లేని స్వేచ్ఛా రాష్ట్రాలు 11. ఎగువ సభ సెనేట్‌లో సరిసమానం. అప్పుడు మిసోరీ, నన్ను బానిస రాష్ట్రంగా చేర్చుకోండని వచ్చింది. ఏడాదికి పైగా కొట్టుకుని 1820లో రాజీ పడ్డారు. మిసోరీకి జోడీగా మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా తెచ్చారు. పశ్చిమాన కొన్న భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం మీద గీత గీశారు. మిసోరీ మినహా, గీతకు పైన బానిసత్వం ఉండదు. ఆ గీత ముప్పై ఏళ్ళు పైన పని చేసింది. ఈ మధ్యలో బానిసత్వం మీద అర్జీలు వస్తే చదవకుండా పక్కన పెట్టేయాలని 1836లో దిగువ సభ తీర్మానం కూడా చేసింది. ఎనిమిదేళ్ళు అలాగే నడిచింది.

తర్వాత మెక్సికో మీద యుద్ధం, 1846 నుంచి 48 దాకా. గెలిచి బోలెడంత భూమి లాక్కున్నారు. లాక్కున్న భూమి ఎవరిదన్న పంచాయితీ మళ్ళీ మొదలు. 1850లో ఇంకో రాజీ. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రమవుతుంది, దానికి బదులుగా దక్షిణాదికి గట్టి చట్టం ఒకటి ఇచ్చారు. పారిపోయిన బానిసల చట్టం.

దాన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో యుద్ధానికి దారి ఇక్కడే తిరిగింది. ఈ చట్టం ప్రకారం పట్టుబడినవాడికి జ్యూరీ విచారణ లేదు. తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోవడానికి లేదు. కేసు కమిషనర్ అనే అధికారి చూస్తాడు. ఇతను బానిసేనని అప్పగిస్తే ఆ కమిషనర్‌కు పది డాలర్ల ఫీజు. కాదని వదిలేస్తే ఐదు. అప్పగిస్తే కాగితాల పని ఎక్కువ కాబట్టి అని వివరణ ఇచ్చుకున్నారు లెండి. దారిన పోయేవాణ్ణి పిలిచి, వీణ్ణి పట్టుకోవడానికి సాయం రా అంటే రావాల్సిందే. పారిపోయినవాడికి అన్నం పెట్టి దాచినందుకు వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

అసలు ఎంతమంది పారిపోయారని ఇంత హంగామా? జనగణన లెక్కల్లో ఏడాదికి వెయ్యి మంది అటూ ఇటూ. లక్షల్లో వెయ్యి. డబ్బు నష్టం చూస్తే చిల్లర. కానీ యజమానులు ఎప్పుడూ ఒక మాట చెప్పేవాళ్ళు, మా దగ్గర వాళ్ళు సుఖంగా ఉన్నారని. సుఖంగా ఉన్నవాడు రాత్రిపూట చిత్తడి నేలల్లో పడి, కుక్కలు వెంటపడుతుంటే, ధ్రువ నక్షత్రాన్ని చూసుకుంటూ ఎందుకు నడుస్తాడు? 1838లో మేరీలాండ్ నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ వేదికల మీద నిలబడి మాట్లాడుతుంటే, ఆ మాటకు విలువ ఏముంటుంది? 1852 జులై 5న రోచెస్టర్‌లో ఆయన శ్రోతలను అడిగాడు, మీ స్వాతంత్ర్య దినం బానిసకు ఏమవుతుందని. ముందు రోజు జరిగింది వాళ్ళ పండగ మరి.

ఈ చట్టానికి ముందు ఉత్తరాది వాళ్ళకు బానిసత్వం ఎక్కడో దూరాన ఉండేది. చట్టం దాన్ని వాళ్ళ గుమ్మంలోకి తెచ్చింది. బర్న్స్ సంగతి చూశాం కదా. విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీం కోర్టు అయితే ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని చెప్పేసింది. చాలా ఉత్తరాది రాష్ట్రాలు, మా జైళ్ళు వాడకూడదు, మా అధికారులు సాయపడకూడదు అంటూ సొంత చట్టాలు చేసుకున్నాయి.

ఇక్కడ ఒక మాట. మొన్న ఒక అబ్బాయి నన్నడిగాడు, ‘మాస్టారూ, యుద్ధం బానిసత్వం మీద కాదట కదా, రాష్ట్రాల హక్కుల మీదట, యూట్యూబ్‌లో చెప్తున్నారు’ అని. బాబూ, 1850లలో రాష్ట్రాల హక్కులు కావాలన్నది విస్కాన్సిన్, మసాచుసెట్స్. కేంద్రం సైన్యాన్ని పంపైనా మా మనిషిని తెచ్చివ్వాలన్నది దక్షిణాది. 1860 డిసెంబర్ 20న విడిపోయిన సౌత్ కరోలినా తన కారణాలు రాసి అచ్చువేసింది, ఎవరైనా చదవొచ్చు. అందులో ఫిర్యాదు ఏమిటి? ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసలను అప్పగించడం లేదని. న్యూయార్క్‌లో అయితే బానిసను వెంటబెట్టుకుని ఆ రాష్ట్రం మీదుగా వెళ్ళే హక్కు కూడా లేకుండా చేశారని. అంటే పక్క రాష్ట్రాలు తమ హక్కులు వాడుకున్నాయనే కోపం. మిసిసిపీ ఇంకా సూటిగా రాసింది, మా పరిస్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉంది, ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్థిక ప్రయోజనం అదే అని. వాళ్ళే దాచుకోని సంగతిని మనమెందుకు దాచడం?

సరే, 1854కి వద్దాం. బర్న్స్‌ను పట్టుకున్న ఆ వారంలోనే వాషింగ్టన్‌లో మరో బిల్లు గట్టెక్కింది, మే 30న అధ్యక్షుడు సంతకం పెట్టాడు. ఇల్లినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన కాన్సస్-నెబ్రాస్కా చట్టం. ఈయన వేరు, ఇందాకటి డగ్లస్ వేరు, కలిపేయకండి. ఈ చట్టం 1820 నాటి గీతను చెరిపేసింది. బానిసత్వం కావాలో వద్దో కాన్సస్, నెబ్రాస్కా అనే ఆ కొత్త ప్రాంతాల జనమే ఓటేసి తేల్చుకుంటారంది. వినడానికి ఎంత ప్రజాస్వామ్యమో! ఆ ఓటు ఎవరి గురించో వాళ్ళకు మాత్రం ఓటు లేదు.

1855 మార్చిలో కాన్సస్‌లో ఎన్నికలు పెట్టారు. అర్హులైన ఓటర్లు 2,900 మంది. పడిన ఓట్లు 6,300. (నవ్వులు) రిగ్గింగ్ మనం కనిపెట్టిందే అనుకుంటున్నారా? పక్కనే ఉన్న మిసోరీ నుంచి తుపాకులతో గుర్రాల మీద వచ్చి ఓట్లేసి పోయారు. రెండు ప్రభుత్వాలు తయారయ్యాయి, కాల్పులు మొదలయ్యాయి. 1856 మే నెలలో నాలుగు రోజులు వరసగా చూడండి. 21న బానిసత్వ అనుకూలురు లారెన్స్ పట్టణాన్ని దోచి హోటల్ తగలబెట్టారు. 22న వాషింగ్టన్‌లో, సెనేట్ హాల్లో తన బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్న మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను, సౌత్ కరోలినా నుంచి దిగువ సభ సభ్యుడైన ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో తల మీద బాదాడు, కర్ర ముక్కలయ్యేదాకా. సమ్నర్ కాన్సస్ గురించి మాట్లాడుతూ బ్రూక్స్ బంధువును తిట్టాడు, అదీ కోపం. బల్ల నేలకు బిగించి ఉండటంతో ఆయన లేవలేకపోయాడు. మళ్ళీ సభలో పూర్తిగా పనిచేసేసరికి మూడేళ్ళు పైన పట్టింది. బ్రూక్స్‌కు శిక్ష 300 డాలర్ల జరిమానా. రాజీనామా చేసి మళ్ళీ గెలిచాడు, దక్షిణాది నుంచి అభిమానులు కొత్త కర్రలు బహుమతిగా పంపారు. 24 రాత్రి కాన్సస్‌లో జాన్ బ్రౌన్ తన కొడుకులతో కలిసి ఐదుగురిని ఇళ్ళల్లోంచి లాగి కత్తులతో చంపాడు. బానిసత్వాన్ని దేవుడు క్షమించడని నమ్మినవాడు. నమ్మకం గొప్పదే, ఆ హత్యలను మాత్రం నేను సమర్థించలేను.

రాజకీయం, రాజీ, ఓటు అన్నీ అయ్యాయి. మిగిలింది కోర్టు. డ్రెడ్ స్కాట్ అనే బానిసను ఆయన యజమాని, సైన్యంలో డాక్టరు, ఇల్లినాయ్‌కీ, ఆ తర్వాత గీతకు పైనున్న ఫోర్ట్ స్నెల్లింగ్‌కీ తీసుకెళ్ళాడు. అక్కడ ఏళ్ళపాటు ఉన్నాడు, హ్యారియట్‌ను పెళ్ళి చేసుకున్నాడు. స్వేచ్ఛా భూమిలో బతికాం కాబట్టి మేం స్వేచ్ఛాజీవులమని 1846లో మిసోరీ కోర్టుకు వెళ్ళారు. పదకొండేళ్ళ తర్వాత, 1857 మార్చి 6న సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ తీర్పు చదివాడు. నల్లవాడు పౌరుడు కాలేడు, కాబట్టి కేసు వేసే హక్కే లేదు. అక్కడితో ఆగలేదు. ఏ భూభాగంలోనూ బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదన్నాడు. అంటే 1820 గీత అసలెప్పుడూ చెల్లలేదన్నమాట.

తగాదా తీరిపోయిందని కొత్త అధ్యక్షుడు బుకానన్ సంతోషించాడు. పాపం. కొత్తగా పుట్టిన రిపబ్లికన్ పార్టీ, అంటే లింకన్ పార్టీ, దాని సిద్ధాంతమే, బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదని. ఇప్పుడు కోర్టు ఆ పార్టీ ఉనికే చట్టవిరుద్ధమన్నట్టు చెప్పింది. రేపు ఇల్లినాయ్‌లోకి కూడా బానిసలను తెచ్చుకోవచ్చంటే ఏం చేస్తారని 1858లో లింకన్ ఊరూరా అడిగాడు. అదే లింకన్ ఆ సెప్టెంబర్‌లోనే, తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ సామాజిక, రాజకీయ సమానత్వం నేను కోరడం లేదని కూడా అన్నాడు. మహాత్ముడిగా పటం కట్టే ముందు అదీ చదవాలి.

1859 అక్టోబర్‌లో జాన్ బ్రౌన్ మళ్ళీ వచ్చాడు, ఈసారి వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీదకి, ఇరవై ఒక్క మందితో. రెండు రోజుల్లో పట్టుకున్నారు. పట్టుకున్న సైన్యానికి అధికారి రాబర్ట్ ఈ. లీ, తర్వాత దక్షిణాది సేనాపతి అయినవాడే. డిసెంబర్ 2న ఉరి. ఉత్తరాదిలో కొన్ని ఊళ్ళలో చర్చి గంటలు మోగించారు. ఆ గంటలు విని దక్షిణాది వాళ్ళకు, ఇక వీళ్ళతో కలిసి ఉండలేమనిపించింది.

1860 ఎన్నికల్లో నలుగురు పోటీ. లింకన్‌కు వచ్చింది నూటికి నలభై ఓట్లు. దక్షిణాదిలో పది రాష్ట్రాల్లో ఆయన పేరుతో బ్యాలెట్టే లేదు. అయినా గెలిచాడు. మా ఓటు ఒక్కటి లేకుండా వాళ్ళు అధ్యక్షుణ్ణి చేసుకోగలరని దక్షిణాదికి తెలిసిపోయింది. 1861 ఫిబ్రవరి 1 కల్లా ఏడు రాష్ట్రాలు వెళ్ళిపోయాయి. వాళ్ళు వేరే దేశం పెట్టుకున్నారు. వాళ్ళ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ మార్చిలో సవానాలో చెప్పాడు, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్న సత్యమే మా ప్రభుత్వానికి మూలరాయి అని. ఏప్రిల్ 12 తెల్లవారుజామున నాలుగున్నరకు చార్లెస్టన్ రేవులో కేంద్ర సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి. లింకన్ 75,000 మంది సైనికులను పిలిచాడు. వర్జీనియాతో సహా ఇంకో నాలుగు రాష్ట్రాలు అటు దూకాయి.

దక్షిణాది ధైర్యం కూడా పత్తే. పత్తి ఆపేస్తే ఇంగ్లండ్ మిల్లులు మూతపడతాయి, బ్రిటన్ వచ్చి మన పక్కన నిలబడుతుందని లెక్క. మిల్లులు మూతపడ్డ మాట నిజమే. బ్రిటన్ మాత్రం ఇటు చూసింది, బొంబాయి వైపు, మన వైపు. ఆ నాలుగేళ్ళు ఈ గుంటూరు సీమ పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కింది, ఆ రేవు పేరే విదేశీ సంతల్లో ఒక పత్తి రకానికి పేరైంది. యుద్ధం అయిపోగానే ధర పడిపోయింది. అది ఇంకో సభకు ఉంచుదాం.

యుద్ధాల వివరాల్లోకి నేను వెళ్ళను. ఒక్క కోట దగ్గరికి మాత్రం తీసుకెళ్తాను. మా అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది, రెండేళ్ళ క్రితం తీసుకెళ్ళి చూపించింది. ఫోర్ట్ మన్రో. చుట్టూ నీళ్ళు. ఆ చోటి పేరు పాయింట్ కంఫర్ట్. 1619లో, ఇంగ్లిష్ వాళ్ళ వర్జీనియాకు తొలిసారి ఇరవై మంది ఆఫ్రికన్లను ఓడలో తెచ్చి అమ్మింది అక్కడే. నేను నిలబడ్డ చోట ఒకాయన చేపలు పడుతున్నాడు.

1861 మేలో వర్జీనియా విడిపోయింది కానీ ఆ కోట కేంద్ర సైన్యం చేతిలోనే ఉంది. మే 23 రాత్రి ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలొరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు పడవలో కోటకు వచ్చారు. వాళ్ళ చేత దక్షిణాది సైన్యం ఫిరంగి దిబ్బలు కట్టిస్తోంది. ఇంకా దూరం, నార్త్ కరోలినాకు పంపుతారని విని వచ్చేశారు. కోట అధిపతి బెంజమిన్ బట్లర్. బానిసత్వ వ్యతిరేకేం కాదు. నిరుడు అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే డెమొక్రాట్ల సభలో, ఇప్పుడు దక్షిణాది అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్‌కే వరసగా యాభైసార్లకు పైగా ఓటేసినవాడు. కాకపోతే వృత్తికి లాయరు.

మర్నాడు యజమాని తరఫున ఒక మేజర్ తెల్లజెండాతో వచ్చాడు. పారిపోయిన బానిసల చట్టం ప్రకారం మా మనుషులను అప్పగించాలి కదా అన్నాడు. బట్లర్ అన్నాడు, ఆ చట్టం మా దేశంలోది, మీరు వేరే దేశమని చెప్పుకుంటున్నారు, వేరే దేశానికి అది వర్తించదు. శత్రువు యుద్ధానికి వాడుతున్న ఆస్తి కాబట్టి స్వాధీనం చేసుకుంటున్నానన్నాడు. ఆస్తి అన్నాడు, మనుషులనలేదు. ఆ ముగ్గురికి ఆ పూటకు అది చాలు.

కబురు ఎలా పాకిందో, ఒకట్రెండు రోజుల్లో ఎనిమిది మంది, ఆ తర్వాత పదులు, ఆడవాళ్ళు, చంటిపిల్లలు. జులై చివర బట్లర్ వాషింగ్టన్‌కు ఉత్తరం రాశాడు. నా దగ్గర తొమ్మిది వందల మంది ఉన్నారు. గట్టిగా పని చేయగల మగవాళ్ళు మూడు వందలు. ఆడవాళ్ళు 175. పదేళ్ళలోపు పిల్లలు 225. యజమానులు వదిలేసి పారిపోయారు, వీళ్ళను శత్రువు ఆస్తి అందామంటే ఈ పిల్లలు యుద్ధంలో దేనికి పనికొస్తారు? వీళ్ళు బానిసలా? స్వేచ్ఛ ఉన్నవాళ్ళా? నన్నేం చేయమంటారు?

బానిసలకు విడుదల అంటూ లింకన్ ఇచ్చిన ప్రకటనకు అప్పటికి ఇంకా ఏడాదిన్నర ఉంది. కోట బయట వాళ్ళు అప్పటికే గుడిసెలు వేసుకుంటున్నారు.

ప్రశ్నలుంటే అడగండి. ముందు టీ వస్తోంది, తాగి కూర్చుందాం.